సారు తినని రొట్టె

టీవీలో యుద్ధం మాటలు మోతెక్కిపోయిన రోజుల్లో తెక్కలకోట బస్టాండులో 'యుద్ధం వద్దు' అని రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డది మా సారొక్కడే. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆయనంటే నాకంత నమ్మకం.

హచ్చొళ్ళి దగ్గర మా పొలాలకు కాలువ నీళ్ళు వంతులవారీగా వస్తాయి. వంతు దగ్గర కొట్లాట జరిగితే సారు ఒక పద్ధతి పెట్టాడు. కొట్టినవాడి ఇంటి జొన్నరొట్టె దెబ్బతిన్నవాడు తినాలి, దెబ్బతిన్నవాడింటిది కొట్టినవాడు తినాలి. తిన్నాక పోలీసు మాట ఎత్తకూడదు.

ఒకసారి పక్కచేనతను పార తిప్పి కొడితే మా తమ్ముడి కుడిచెయ్యి విరిగింది. కేసు పెడతానని వాడు ఎగిరాడు. సారు అతనింటి రొట్టె తీసుకుని మా ఇంటికొచ్చి, "పగ పెట్టుకుంటే నీకే నష్టమప్పా, తిను," అన్నాడు. నేనూ బతిమాలాను. వాడు పళ్ళు కొరుకుతూ ఎడమచేత్తో తిన్నాడు. చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఇప్పటికీ పార పట్టలేడు.

మొన్న అదే పక్కచేనతను సారు పొలం గట్టు తెంచి నీళ్ళు మళ్ళించుకున్నాడు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. తెల్లారేసరికి పోలీసులొచ్చి అతన్ని జీపెక్కించుకుపోయారు. కేసు పెట్టిందెవరయ్యా అంటే, మా సారే!

అతని ముసలితల్లి ఏడ్చుకుంటూ రొట్టెలు మూటగట్టి నా చేతిలో పెట్టింది. "నీ మాట ఇంటాడమ్మా. ఎట్లయినా తినిపించు," అంది. తీసుకెళ్ళి సారు ముందు పెట్టాను. ఆయన మూట వైపు చూడనైనా లేదు.

"ఇది బేరే అమ్మా, ఆ కొట్లాటలు వేరు," అన్నాడు. "ఇది కానూను మాట, చట్టం చూసుకుంటాది."

"మా తమ్ముడి చేతికి లేదా సార్ కానూను?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వరి ఎండిపోతాండాది, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. శ్రీరంగనీతులన్నీ మాకేనా! వరి ఎండితే పోలీసులు, మావాడి ఎముక విరిగితే రొట్టె! ఇంత మోసమా? మూట తీసుకుని వచ్చేశాను.

తమ్ముడు గడపలో కూర్చుని ఉన్నాడు.

"తిన్యాడాక్కా సారు?"

వాడు నా చేతిలో మూట చూశాడు.

"నాకు మాత్రం బతిమాలి తినిపిస్తివి గదక్కా," అన్నాడు.