ఎడమచేతి దొర

హెస్టర్ పిల్బీమ్ పదకొండేళ్లు వెండి గరిటెల మీద పెద్దింటివాళ్ల ముద్రలు చెక్కింది. తండ్రి పోయాక ఆయన ఉలి తీసుకుని, విరిగిన గరిటెల మీద చేయి తిప్పుకుంటూ తనంతట తానే నేర్చుకుంది. వెండి మీద పని సూటి. చెక్కింది చెక్కినట్టే కనిపిస్తుంది.

లండన్‌లో క్రౌచ్లీ బొమ్మల దుకాణంలో పని వేరు. మంత్రుల్నీ మతగురువుల్నీ వెక్కిరించే బొమ్మలవి. రాగిరేకు మీద చెక్కి, సిరా పట్టించి కాగితానికి అదిమితే అంతా తిరగబడి పడుతుంది. అందుకని చెక్కడమే తిరగేసి చెక్కాలి.

క్రౌచ్లీ ఆమెకు ఒక్క రేకు ఇచ్చాడు. "ఇది కుదిరితే ఇక్కడే ఉంటావు. చెడిందా, నీ గరిటెలు నీకున్నాయి."

చూసి చెక్కాల్సిన నమూనా బొమ్మలో ఓ లావుపాటి దొర పేదల రొట్టెను కుడిచేత్తో కోసుకుంటున్నాడు. పేరు లేదు. టోపీ కింద ముఖం సగం దాగింది. కింది అక్షరాలు తిరగేసి చెక్కడానికి హెస్టర్ ప్రాణం పెట్టింది. ఆ ధ్యాసలో దొరను మాత్రం పాత అలవాటు కొద్దీ నమూనాలో ఉన్నట్టే చెక్కేసింది.

తొలి కాగితం లేపగానే క్రౌచ్లీ తల పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఎడంచేత్తో కోస్తున్నాడేం? కుడిచేతిని కుక్క కరిచిందా?"

"మళ్లీ చెక్కుతానయ్యా."

"ఎప్పుడు? రేపు పొద్దున బొమ్మ పెడతానని ఊరంతా చెప్పుకున్నా. దుకాణం కిటికీకి ఇదే తగిలిస్తా. నువ్వు మాత్రం సామాను సర్దుకో."

మర్నాడు ఆమె ఉలులు గుడ్డలో చుట్టుకుంటుంటే కిటికీ బయట నవ్వులు పేలాయి.

"ఓర్నాయనో, మన టావర్మియర్ దొరే! ఆ ఎడంచెయ్యి చూడండే!" అని చేపలమ్మే మనిషి ఒకామె అరిచింది.

"టోపీ కప్పుకుంటే దాగుతాడా మహానుభావుడు!" అన్నాడు ఇంకెవడో.

మంత్రి పదవిలో ఉన్న ఆ దొరది ఎడమచేతివాటమని ఊరందరికీ తెలుసు. హెస్టర్ ఆయన్ను కంటితో చూసి ఎరగదు.

ఇంతలో బండి ఆగింది. దిగినవాణ్ణి చూసి జనం దారి ఇచ్చారు. టావర్మియర్ దొర కిటికీ దగ్గరికొచ్చి బొమ్మకేసి చాలాసేపు చూశాడు. ఆయన ఎడమచేయి మెల్లగా కోటులోకి జారుకుంది. తిరిగి బండెక్కి వెళ్లిపోయాడు.

క్రౌచ్లీ గొంతు తగ్గింది. "ఆ మూట విప్పు తల్లీ. ఇంకో రేకు తీసుకో."

హెస్టర్ కొత్త రేకు ముందు కూచుంది. ఒక్క సైగతో వీధిలోకి సైన్యాన్ని దింపగల మనిషి, తను పొరపాటున గీసిన వెంట్రుకంత గీతకు జడిసి చేయి దాచుకున్నాడు. ఉలి ఎత్తింది గానీ, రాగికి ఆనించడానికి చాలాసేపు చేయి రాలేదు.