మా పొట్టేలు నిలబెట్టిన వంశ గౌరవం

మా వంశ ప్రతిష్ఠ ఎలా అంతమైందో చెబుతాను. నవ్వదలచినవారు ముందే నవ్వుకోండి. భూములు పోయినప్పుడు అది పోలేదు. ఆర్మూర్ శివారులో కోటలాంటి మా గడి కూలి, ఒక్క దర్వాజా మాత్రం దేనికి కాపలానో తెలియక నిలబడినప్పుడూ పోలేదు. ఒక పొట్టేలు దాన్ని పట్టుకుపోయింది.

పొట్టేలు పేరు రాజా. నిటారైన మెడ, గంభీరమైన నడక. అప్పటికి మా మాట వినే ప్రాణి అదొక్కటే. అదీ నా చేతిలో గడ్డి ఉంటేనే. దానికి పుట్టిన మొదటి పిల్లలు పసుపు కొమ్ముల్లా బలిశాయి. వేల్పూర్‌లో పెద్ద మందలున్న మల్లయ్య వచ్చి చూశాడు.

"మళ్ల ఈతకు పుట్టే పొట్టేలు పిల్లలన్ని నాకే, దొరా. మా దిక్కు మందలన్నిట్ల మీ పేరు చెప్పుకుంటరు."

మా పేరు! దాన్ని ఎవరైనా చెప్పుకుని ఎన్నేళ్లయిందో. ఆ మాటతో నా వెన్ను ఇంకాస్త నిటారైంది. అంత గొప్ప గుణాన్ని కల్తీ లేకుండా కాపాడాలనుకున్నాను. రాజా కూతుళ్లు ఎదకు రాగానే వాటి మీదికి రాజానే వదలబోయాను.

నా భార్య సులోచన అడ్డం వచ్చింది. ఆమెది విత్తనాలు పండించే అంకాపూర్.

"బిడ్డల మీదికి తండ్రిని వదుల్తరా? వేరే పొట్టేలును తెచ్చుకోరాదు?"

"బయటి రక్తం కలిస్తే గుణం పలచబడుతుంది."

"మా ఊర్ల మక్క విత్తనం తీస్తే ఆడ సాళ్లు ఒక రకం, మొగ సాళ్లు ఇంకో రకం పెడ్తం. దూరపుది కలిస్తేనే కంకికి బలం."

"అది మక్క. ఇది వంశం. మా ఇంట్లో తరతరాలుగా మేనరికమే."

"మరి నన్నెందుకు తెచ్చుకున్నరు?"

"మా మేనమామకు కూతుళ్లు లేరు కనుక."

"గట్లనా! మక్కకున్న ఇజ్జత్ సుత నాకు లేదన్నట్టు."

రాజానే వదిలాను. వేపను విత్తితే మామిడి మొలుస్తుందా అంటారు. నేను విత్తిందే మొలిచింది; అదే నా దురదృష్టం.

కొత్త పిల్లలు పుట్టాయి. మల్లయ్య వచ్చే రోజు తాతగారి షేర్వానీ తొడుక్కుని దర్వాజాలో నిలబడ్డాను. రాజా ఘనత వర్ణిస్తుండగా అతడు ఒక పిల్లను ఎత్తి దాని నోరు తెరిచి చూశాడు.

"దొరా, గీ పిల్ల కింది దవడ ఏది?"

దవడ ఉంది, కానీ సగం దారిలో ఆగిపోయింది. ఇంకో పిల్లకూ అంతే. ఆ పక్కదానికీ అంతే.

"గిది పాలే కుడవలేదు, గడ్డేం కొరుకుతది?" పిల్లను మెల్లగా దించాడు. "మీ పేరైతే తప్పకుంట చెప్పుకుంటరు, దొరా." ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

పశువుల డాక్టరు వచ్చి విడమరిచాడు. ఆ లోపం రాజాలో సగమే ఉంది, అందుకే పైకి కనిపించలేదు. ఆ సగాన్ని కొందరు కూతుళ్లకు పంచింది. మళ్లీ తండ్రే వచ్చేసరికి రెండు సగాలూ కలిసి దవడ దగ్గర బయటపడ్డాయి.

ఆ సాయంత్రం సులోచన ఒక పిల్లకు సీసాతో పాలు పడుతూ గోడవైపు చూసింది. అక్కడ పటాల్లో ముత్తాత, తాత, నాన్న; ముగ్గురికీ గుండెల దాకా గడ్డాలు.

"ఇన్నేండ్లు గవి పౌరుషానికి పెంచిన్రనుకున్న."

"మరి దేనికి?"

ఆమె పిల్లను చూసింది. నన్ను చూసింది.

"మీరు సుత గడ్డం ఎన్నడు తియ్యకుండ్రి."

కనుక సకల జనులకూ తెలియజేయునది: తండ్రి పొట్టేలును ఇక ఎన్నడూ కూతుళ్ల మీదికి వదలను; మా పిల్లల పెళ్లిళ్లలో మేనరికం మాట ఎత్తను. గడ్డం మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. దాని చాటున ఏముందో దయచేసి అడగకండి.