సైమా ఇంటి అటక

రైనో మా అక్క మొగుడు. మా ఊరు కాల్యుమెట్‌లో రాగి గనులు మూతపడ్డాక ఇద్దరం కలిసి, ఇళ్లలోకి చలి దిగకుండా పైకప్పు కింది అటకలకు సెల్యులోజ్ కొట్టే పనిలోకి దిగాం. పాత పేపర్లు తరిగి చేసిన బూడిదరంగు పొట్టు అది. కింద లారీలో నేను మూటలు చింపి యంత్రంలో వేస్తుంటే, పైన ఆయన పాకుతూ గొట్టంతో చిమ్మేవాడు. దిగేసరికి కనురెప్పలు కూడా బూడిదరంగే. అడుగు మందాన, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పరిచేవాడు. చలికాలం ఆయన పని చేసిన ఇళ్లలో పొయ్యి సగం కట్టెలతోనే సరిపెట్టుకునేది.

డెబ్బై తొమ్మిది నవంబరులో సైమా ఇంటికి వెళ్లాం. ఆమె భర్త గనిలోనే పోయాడు. ప్రతి గురువారం రెండు పెద్ద గిన్నెల నిండా బఠానీ సూప్ కాచి, వీధిలోని ఒంటరి ముసలి గనికార్మికులకు పెట్టేది.

“సైమమ్మా, నా గిన్నెలో మాంసం ముక్క దొరికింది. ఎవరిదో పడిపోయినట్టుంది, తిరిగిచ్చెయ్యనా?” అనేవాడు వాళ్లలో ఒకడైన ఆర్వో.

“మింగు! లేకపోతే పక్కవాడు మింగుతాడు” అనేది ఆమె.

పొట్టు కొట్టే ముందు చూరు పొడవునా వాసాల మధ్య అట్టలు బిగించాలి. లేకపోతే అటకలోని తేమను ఆరబెట్టే బయటిగాలి లోపలికొచ్చే దారి పొట్టుతో పూడిపోతుంది. అది నడుము విరిగే పని. ఆ మర్నాడే దుప్పుల వేట మొదలు, ఆలోగా పని ముగించాలని బావ తొందర.

“అట్టలు అయ్యాయా బావా?” అని అరిచాను.

“ఒక పక్క అయ్యాయి. రెండో పక్కకి మీ తాతొచ్చి బిగిస్తాడా? మూటలు వెయ్యరా!”

వేశాను.

రెండో చలికాలంలో సైమా వంటింటి కప్పు నల్లబడింది. కబురు రాగానే వెళ్లాం. అట్టలు లేని వైపు పైకప్పు చెక్కలకు మంచు పేరుకుని, కరిగి కారుతోంది. బూజు పట్టేసింది. ఇద్దరికీ చూడగానే అర్థమైంది. బావ కిందికి దిగి చేతులు తుడుచుకున్నాడు.

“ఇంట్లో ఆవిరి ఎక్కువైంది సైమా.”

“నా సూప్ వల్లా?”

“పైకి పోయేది ఆవిరే కదా.”

అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ ఆవిరి బయటికి పోయే దారి మేం మూసేశామన్న మాట మాత్రం మా ఇద్దరి నోటా రాలేదు.

ఆ వారం నుంచే ఆమె గిన్నెలు ఎక్కించడం మానేసింది. ముసలాళ్లు కొన్నాళ్లు కాఫీకి వచ్చి, తర్వాత రావడం తగ్గించారు. మార్చిలో ఆర్వో తన ఇంట్లోనే పోయాడు. డాక్టరు లెక్క ప్రకారం బుధవారం పోయిన మనిషి. పోస్టుమాన్ కిటికీలోంచి చూసేసరికి సోమవారం. గురువారం సూప్ ఉండి ఉంటే, అతను రాలేదని ఎవరో ఒకరు వెళ్లి చూసేవారు.

మే నెలలో బావ ఒక్కడే మూడు రోజులు ఆ అటక మీద పనిచేశాడు. పుచ్చిన చెక్కలు మార్చి, అట్టలు బిగించాడు. డబ్బు తీసుకోలేదు. చివరి రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాడు.



“అప్పుడే చెప్పుంటే ఏం చేసేదాన్ని రైనో? తిట్టేదాన్ని. తిట్టి, నీకూ ఓ గిన్నె సూప్ పోసేదాన్ని” అందట సైమా.

మళ్లీ గురువారాలు మొదలుపెట్టలేదు. చర్చిలో కనిపిస్తే పలకరించేది కానీ, ఇంట్లో ఏ పనున్నా వేరేవాళ్లను పిలిపించుకునేది.

పదకొండేళ్ల తర్వాత బావ మంచం పట్టాడు. సైమాకు కబురు చేద్దామంది మా అక్క.

“వద్దు. కబురు చేస్తే వస్తుంది” అన్నాడు బావ. “వస్తే ఆవిడతో ఏం మాట్లాడను?”

మేం కబురు చేయలేదు.