నారింజ రాళ్ల దారిలో గిద్దలూరుకు

మార్కాపురంలో మాది బట్టల దుకాణం. ఇంటికి నేను పెద్దకోడలిని. అర్ధవీడు దగ్గర పల్లెలో పుట్టాను. హైస్కూలుకు సైకిల్ మీదే పోయేదాన్ని. పెళ్లయ్యాక చాలా ఏళ్లు తొక్కలేదు. మా తోడికోడలు నలభై దాటాక, కూతురి సైకిల్ మీద, నా దగ్గర నేర్చుకుంది. కాస్త పట్టు దొరకగానే అడిగింది: "అక్కా, మా పుట్టింటికి సైకిళ్ల మీద పోదామా?"

తన పుట్టిల్లు గిద్దలూరు. నేను నవ్వలేదు. ఆ రోజే దారి ఆలోచించాను. మొదటి రోజు కంభం, మా ఆడబిడ్డ ఇంట్లో మకాం. మర్నాడు అక్కడే విశ్రాంతి. మూడో రోజు గిద్దలూరు. హైవే మీద బోర్డులుంటాయి కాబట్టి దారి తప్పమనుకున్నాను.

మామగారు విని, "ఏందమ్మా, రైలుంది, బస్సుంది, ఈ తిప్పలెందుకు?" అన్నారు.

"అవి ఎప్పుడూ ఉండేవే మామా. ఒక్కసారి మా అంతట మేం పోయొస్తాం."

"సరే, ఎండెక్కక ముందే కంభం చేరేటట్ల చూసుకోండి."

ఒక ఆదివారం పొద్దున హైవే మీద కొంతదూరం పోయి చూశాం. లారీ హారన్ వినబడితే చాలు, తోడికోడలు దిగి పక్కన నిలబడేది. చివరికి స్టాండు వేసేసింది.

"నా వల్ల గాదక్కా. నువ్వు సైకిల్ మీద పో, నేను బస్సులో వస్తా."

"నువ్వు లేకుండా మీ పుట్టింటికి నేనెందుకు పోతా? దారి మారుస్తా, ఉండు."

హైవే మైలురాళ్లకు తల పసుపు రంగు; పల్లెరోడ్ల రాళ్లకు నారింజ. దుకాణానికి వచ్చే ఊళ్లవాళ్లందరినీ అడిగాను. ఏ రోడ్డు ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ గుంతలో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో కనుక్కున్నాను. తప్పనిచోట తప్ప దారంతా నారింజ రాళ్లే ఉండేలా కూర్చాను. అది పూర్తయిన రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

వేసవి ఎండలు తగ్గాక బయల్దేరాం. అనుకున్నట్టే కంభంలో ఆగాం. గిద్దలూరు దగ్గర కొంతదూరం హైవే తప్పలేదు. వెనక లారీ హారన్ మోగింది. తోడికోడలు పక్కకు జరిగిందే గానీ దిగలేదు.

వాళ్లమ్మ తలుపు తీసి, మా వెనక వీధిలోకి తొంగి చూసింది. "ఎవరు తీసుకొచ్చినారు మిమ్మల్ని?"

"ఎవరూ తేలేదమ్మా, మేమే వచ్చినాం. దారంతా అక్కే చూసి పెట్టింది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ తోడికోడలు, దారంతా అక్కే చూసిందని చెబుతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు.