చెత్త గొట్టంలో పడేసిన నోటుబుక్కు

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. చదివానని చెప్పుకోవడం తేలికే. కాలేజీలో మా ల్యాబు రికార్డులన్నీ సీనియర్లవి చూసి దించినవే. ముందు గ్రాఫు అందంగా గీసేసి, ఆ గీత మీంచి రీడింగులు ఏరుకునేవాళ్ళం. మార్కులు మాత్రం దండిగా పడేవి. సింగపూర్ వచ్చి బ్యాంకు కంప్యూటర్ల పనిలో కుదిరాక ఇక వైరు ముట్టుకునే అవసరమే రాలేదు.

పోయిన ఏడాది మా అమ్మాయికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. కుండీలో మట్టి ఎండగానే తనంతట తానే నీళ్ళు పోసే యంత్రం చేయాలి. శుక్రవారం నోటుబుక్కులు చూసి, బడి చూడ్డానికి బయటివాళ్ళు వచ్చే ఓపెన్ హౌస్‌లో ఎవరిది ప్రదర్శనకు పెట్టాలో టీచర్ తేలుస్తారు. ఆ ఒక్క చోటు కోసం పిల్ల రెండు వారాల పాటు టాంపినీస్‌లోని మా ఫ్లాటు హాలంతా తడిపేసింది.

యంత్రం భేషుగ్గా పనిచేసింది. నోటుబుక్కు చూస్తేనే నాకు ప్రాణం చివుక్కుమంది. కొట్టివేతలు, మట్టి వేలిముద్రలు, పేజీపేజీకీ "ఫెయిల్" అన్న మాట. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? బుధవారం నాకు ఇంటి నుంచే పని. పిల్ల స్కూలుకి వెళ్ళగానే కొత్త పుస్తకం తీసి, స్కేలుతో మార్జిన్లు కొట్టి, ఆ తప్పులన్నీ తీసేసి, అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను. పాతదాన్ని వంటింటి గోడలోంచి నేరుగా కింది చెత్త తొట్టిలోకి దిగే చెత్త గొట్టంలో పడేశాను. పదకొండో అంతస్తు నుంచి అది జారిపోతున్న చప్పుడు విని హాయిగా కాఫీ కలుపుకున్నాను.

సాయంత్రం పిల్ల కొత్త పుస్తకం తిరగేసింది. "అమ్మా, నా మిస్టేక్స్ ఏవి? టీచర్ మార్క్స్ ఇచ్చేదే వాటికి లా!" అంది సింగపూర్ యాసలో.

గుర్తున్నవి మళ్ళీ రాసేద్దామన్నాను.

"దట్స్ చీటింగ్," అని ఏడ్చింది. చేతికందేంత దూరంలో ఉన్న చోటుని నేనే లాగేశానని నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి పిల్లే ముక్కు తుడుచుకుని, యంత్రం వైర్లన్నీ పీకి నా ముందు పెట్టింది. "తప్పులు ఎక్కడొస్తాయో నాకు తెలిసిపోయింది. ఈసారి నువ్వు చెయ్యి, నేను రాస్తా."

చేశాను. పంపు తడి మట్టికి ధారగా పోసి, ఎండిన మట్టి దగ్గర మిన్నకుండిపోయింది. వైర్లు మార్చాను, అసలు తిరగలేదు. మళ్ళీ మార్చాను, నీళ్ళ గొట్టం ఊడి మొహమంతా తడిసింది. పిల్ల పడీపడీ నవ్వుతూ అన్నీ రాసుకుంది. ఏడోసారికి సరిగ్గా నీళ్ళు పడితే నేను సోఫా ఎక్కి గెంతాను. నలభై మూడేళ్ళు నాకు. సిగ్గేమీ వేయలేదు.

శుక్రవారం పిల్ల టీచర్‌కి జరిగిందంతా చెప్పేసింది, నేను పారేసిన సంగతితో సహా. చోటు దక్కింది.

ఓపెన్ హౌస్ రోజు ఒక తెలుగాయన పిల్ల యంత్రం పెట్టిన బల్ల దగ్గర ఆగి పుస్తకం తిప్పాడు. రెండో ప్రయత్నం కింద పిల్ల ఇంగ్లీషులో రాసింది: మా అమ్మ ఎలక్ట్రికల్ ఇంజనీర్, కనెక్షన్ తప్పు ఇచ్చింది. ఆయన నవ్వాపుకోలేక, "ఎవరమ్మా ఆ ఇంజనీరు?" అన్నాడు. చెప్పనా వద్దా అన్నట్టు పిల్ల నా వైపు చూసింది.

"నేనేనండీ," అన్నాను. "అది నేను చేసిన మొదటి ప్రయోగం."