అమ్మ కొన్న రెండో కుంపటి

దెయ్యాలని నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి తీరికా లేదు. ఎనభైల్లో తమిళనాడు ధర్మపురిలో ఒక ఆసుపత్రిలో, ప్రాణం మీదికొచ్చినవాళ్లని ముందుగా చేర్చుకునే వార్డులో నర్సుగా పనిచేసేదాన్ని. ఎక్స్‌రే గది పక్కన తెల్లచీర కనిపించిందనీ, వరండా చివర ఎవరో దగ్గారనీ తోటి నర్సులు తెగ చెప్పేవాళ్లు. అదే వరండాలో నేను ఏళ్ల తరబడి నడిచాను. నాకు కనిపించినవి పిల్లులు. దగ్గింది వాచ్‌మన్, బీడీ తాగి.

కాబట్టి దెయ్యం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది. ఇందులో ఉన్నది మా నాయన, మా అమ్మ, ఒక వెచ్చటి గది. ఆ గది ఎందుకు వెచ్చగా ఉందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మాది తుంబలహళ్లి డ్యాం నీళ్లు పారే పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాలో తెలుగు రాయడం వచ్చినవాళ్లు తక్కువ. నాకు మా తాత పలక మీద నేర్పాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నాయనకి మల్బరీ తోట ఉండేది. ఇంటి వెనక పట్టుపురుగుల గది ఉండేది. వాటిని ఆయన పురుగులు అనేవాడు కాదు, పిల్లకాయలు అనేవాడు. నేను ఒక్కతే కూతుర్ని. అయినా నాకు వేలకొద్దీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు.

బయటివాళ్లని ఆయన ఆ గది గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఇంట్లోవాళ్లమైనా కాళ్లూ చేతులూ కడుక్కుని, గుమ్మంలో చల్లిన సున్నం మీద అడుగేసి లోపలికి పోవాలి. రోగం అంటుతుందని కొంత, దిష్టి తగులుతుందని కొంత. తాళంచెవి ఒకటే. అది అమ్మ కొంగు ముడిలో ఉండేది.

చలికాలంలో ఆ గదిలో బొగ్గుల కుంపటి పెట్టాలి. గోడకి ఒక థర్మామీటరు వేలాడేది. అది ఫారెన్‌హీట్‌లో ఎనభై దగ్గర నిలబడితే నాయన ముఖం వెలిగిపోయేది. నేను సెలవుకి ఇంటికి పోయినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే ఆట.

"మీవాళ్లు ఎంతలో ఉండారు?" అనేవాడు.

"తొంభై ఎనిమిది."

"మావాళ్లు ఎనభై. ఒక మందూ లేదు, ఒక సూదీ లేదు. నీ ఉద్యోగం నాకిస్తే మీ మంచాలన్నీ ఖాళీ చేయిస్తా."

అమ్మకి ఈ మాటలు గిట్టవు. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ గదిని సవతిని చూసినట్టే చూసింది. తన కాళ్లకి దుప్పటి లేకపోయినా పట్టించుకోని మనిషి, అక్కడ బొగ్గు తగ్గితే మాత్రం నిద్రలోంచి లేస్తాడని ఆమె ఏడుపు.

అది మార్గళి నెల, అంటే ధనుర్మాసం. పొద్దెక్కినా పొగమంచు విడవని రోజులు. నేను పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. టమాటా బుట్టలు మోసే వ్యాను ఒకటి ఆసుపత్రి ముందు ఆగింది. బుట్టల మధ్య గోనెపట్టా మీద ఎవరినో పడుకోబెట్టి తెచ్చారని వార్డుబాయ్ కేకేశాడు. స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తాను. పడుకుని ఉన్నది మా నాయన. పక్కన అమ్మ.

ఈసీజీ చూసి డాక్టరు గుండెపోటు అన్నాడు. ఇంజెక్షన్లు, ఆక్సిజన్, అన్నీ చకచకా జరిగిపోయాయి. నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. ఒంటి వేడి చూసేటప్పుడు మాత్రం ఆగిపోయాయి. నాయన ఒళ్లంతా చెమటతో తడిసి, బావిలోంచి తీసిన రాయిలా చల్లగా ఉంది. థర్మామీటరు చంకలో పెట్టి తీస్తే పాదరసం మొదటి గీత దాకా కూడా రాలేదు. అది చెడిపోయిందేమోనని ఇంకోటి పెట్టాను. అదీ అంతే. దాన్నే విదిలించి నా చంకలో పెట్టుకుని చూశాను. నాది సరిగ్గానే చూపించింది.

డాక్టరు నెమ్మదస్తుడు. గుండె గట్టిగా కొట్టలేనప్పుడు రక్తం చర్మం దాకా రాదు, అందుకే ఈ చల్లదనం అన్నాడు. బయటి నుంచి ఎంత వేడి పెట్టినా లాభం లేదు, లోపలి నుంచి రావాలి, వస్తే గట్టెక్కినట్టే అన్నాడు. అది నాకూ తెలుసు. అలా చల్లగా వచ్చి చల్లగానే ఉండిపోయినవాళ్లని ఆ వార్డులో చాలామందిని చూశాను. వాళ్లలో ఇంటికి నడిచిపోయినవాళ్లు తక్కువ. ఆ మాట అమ్మకి చెప్పలేదు.

అమ్మ స్టూలు మీద కూర్చుని ఆయన చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ జరిగింది చెప్పింది. తెల్లారి పురుగుల గదిలోంచి బయటికి వస్తూ రొమ్ము పట్టుకుని వసారాలో కూలబడ్డాడట. గ్యాసు, జీలకర్ర నీళ్లు ఇవ్వమన్నాడట. ఆయన చలికి వణికిపోతుంటే అమ్మకి ఇంకేమీ తోచలేదు. పరుగెత్తి పురుగుల గదిలో మండుతున్న కుంపటిని ఎత్తుకొచ్చి ఆయన పక్కన పెట్టింది. గది తలుపు మూసి తాళం వేసేసింది. అంత నొప్పిలోనూ ఆయన ఆమెతో పోట్లాటకి దిగాడు.

"కుంపటి అక్కడే పెట్టుమే, పిల్లకాయలు చలికి తట్టుకోరు అంటాడు. ఊపిరాడటం లేదు ఈయనకి, పురుగుల గోల కావాలంట," అంది అమ్మ. "చచ్చేటప్పుడు కూడా నా మాట వినలా."

"చచ్చేటప్పుడు కాదులేమ్మా," అన్నాను.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఆ సమయంలో మేత ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయక్కర్లేదు, మనిషి ఉండక్కర్లేదు. వెచ్చదనం మాత్రం ఉండాలి. చలి పట్టిందంటే సగానికి సగం లేవవు. ఆ రోజు నాయన పురుగులు నాలుగో పొర విడిచే దశలో ఉన్నాయి. కుంపటి బయట ఉంది.

మధ్యాహ్నం నాయన కళ్లు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి జరిపి, "ఉక్కగా ఉండాది. పైకిటికీ తెరువు," అన్నాడు.

రెండు కంబళ్లు కప్పినా చేతివేళ్లు నీలంగా ఉన్నాయి. మా వార్డులో పైకిటికీ లేదు. పైకిటికీ ఉన్నది ఇంట్లో పురుగుల గదికే. కాసేపటికి మళ్లీ, "పిల్లకాయలకి చెమట పడతా ఉండాది," అన్నాడు. ఇంజెక్షన్ మత్తులో అలాగే మాట్లాడతారని డాక్టరు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అంతమందిని చూసినదాన్ని, మత్తు మాటలు నాకు కొత్తేమీ కాదు.

మర్నాటి పొద్దుకి నాడి కాస్త కుదుటపడింది. ఒళ్లు మాత్రం అలాగే చల్లగా ఉంది. నాయన నన్ను దగ్గరికి పిలిచి, "పోయి చూసిరామ్మా," అన్నాడు. ఏం చూడాలో అడగక్కర్లేదు. నేను ఆయన కంబళి సర్దుతూ అక్కడే నిలబడ్డాను. అమ్మే కొంగు ముడి విప్పి తాళంచెవి చేతిలో పెట్టింది.

"పో. నువ్వు చూసి రాకుంటే ఈయన ఊరుకోడు," అంది.

బస్సులో కూర్చుని నేను అనుకున్నది ఒకటే. చచ్చిన పురుగుల్ని ఆయన కంట పడకుండా ఎత్తి పారబోయాలి. అమ్మకి రెండు చీరలు తీసుకురావాలి.

ఇంటి దగ్గర చిన్నమ్మ ఎదురొచ్చింది. మా చిన్నాయన భార్య, పక్కిల్లే. రెండు రోజులుగా మా ఆవులకి ఆమే మేత వేస్తోంది. వసారాలో కుంపటి అమ్మ వదిలిన చోటే ఉంది. చిన్నమ్మ కోడిపెట్ట అందులో దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని తోలి బూడిదలో చెయ్యి పెట్టాను. మంచుకి తడిసి ముద్దగా తగిలింది.

తాళం తీసి తలుపు తోశాను. నాకు అద్దాలుంటాయి. గడప మీద నిలబడగానే అవి మసకబారిపోయాయి. చలిలోంచి వంటింట్లోకి పోతే అద్దాలకి పొగమంచు పట్టినట్టు పడుతుంది చూడండి, అచ్చం అలా. తీసి పైటతో తుడుచుకున్నాను. ముఖానికి వెచ్చగా తగులుతోంది. పొగ వాసన లేదు, బొగ్గు వాసన లేదు. గోడ మీద థర్మామీటరు ఎనభై చూపిస్తోంది.

వెదురు తట్టల్లో పురుగులన్నీ లేచి ఉన్నాయి. పొరలు విడిచి, తెల్లగా నిగనిగలాడుతూ, తలలు ఆడిస్తూ ఆకు కోసం వెతుకుతున్నాయి. ఒక్క తట్టలో కూడా చావు లేదు.

చిన్నమ్మ గడప అవతలే ఆగిపోయింది. నాయన ఇంట్లో లేకపోయినా ఆయన కట్టడి దాటదు. "ఏమిమ్మా, లోపల పొయ్యి పెట్టినారా? కాళ్లకి సెగ తగులుతా ఉండాది," అంది. ఆ మాట ఆమె అనకపోయుంటే, అంతా నా భ్రమే అని ఈపాటికి తేల్చేసుకుని ఉండేదాన్ని.

ఆమె తోటలో ఆకు కోసి అందిస్తే, మంచు తడి గుడ్డతో తుడిచి తట్టల మీద పరిచాను. అన్నీ ఒకేసారి మేతకి దిగాయి. చిటపట వాన పడుతున్నట్టు ఆ చప్పుడు. అది విని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆకు వేయడం అయ్యేసరికి చేతులకి చలి తెలిసింది. థర్మామీటరు చూస్తే చాలా దిగిపోయింది. ఇప్పటిదాకా ఎవరో ఆనుకుని కూర్చుని లేచిపోయినట్టు అనిపించింది. వెంటనే కుంపటి కడిగి బొగ్గు వేసి ముట్టించి, కనిపెట్టుకోమని చిన్నమ్మకి చెప్పి, బస్సెక్కాను.

వార్డు గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. దూరం నుంచే ఆమె పళ్లు కనిపించాయి. "వేడొచ్చింది," అంది, అంతే. నేను పరుగెత్తి నాయన నుదుటి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా, పొడిగా ఉంది. థర్మామీటరు పెడితే నూరు దాటింది. గుండెపోటు వచ్చినవాళ్లకి రెండో రోజు కొంచెం జ్వరం తగలడం మామూలే, దెబ్బతిన్న గుండె కండ సర్దుకుంటోంది, భయం లేదు అన్నాడు డాక్టరు. జ్వరం చూసి అంత సంతోషపడింది నా ఉద్యోగంలో అదొక్కసారే. పక్క మంచాలవాళ్లకి కూడా చెప్పాను.

ఎప్పుడు వేడెక్కాడని అమ్మని అడిగాను. టీ తెచ్చే మనిషి రెండోసారి వచ్చిపోయాక, ఆ చెయ్యి తన చేతిలోనే మెల్లగా వెచ్చబడిందట. నేను తట్టల మీద ఆకు పరుస్తున్నదీ ఇంచుమించు అప్పుడే. నేను గడియారం చూసుకోలేదు కాబట్టి ఇది రుజువు అని గట్టిగా చెప్పను.

ఇంట్లో చూసింది చెప్పాను. నాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "నేను చెప్తి గదా, ఉక్కగా ఉండాదని," అన్నాడు.

అమ్మకి కోపం ముంచుకొచ్చింది. "నిన్న పొద్దుట్నుంచి మంచుగడ్డ మాదిరి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉండాను. నాకు చల్లది ఇచ్చి వేడంతా వాటికి పంపినావా?"

"నీకిస్తే ఏడస్తా కూర్చుంటావు. వాళ్లైతే గూడు కడతారు," అన్నాడు నాయన. మాస్కు కింద నవ్వుతున్నాడు. నవ్వకూడదని నర్సుగా చెప్పాల్సింది నేనే. నేనే ఆపుకోలేక బయటికి పోయాను.

తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. తట్టల కింద చెత్త మాగి వేడి పుట్టిందేమో అనుకున్నాను. చెత్త పలచగా, పొడిగా ఉంది. ఎండ వల్ల అనుకుందామంటే ఆ రెండు రోజులూ ఎండ లేదు. పట్టు శాఖ ఆయన్ని అడిగితే మీ థర్మామీటరు పాతదై ఉంటుందమ్మా అని నవ్వాడు. దాన్ని ఆసుపత్రికి తెచ్చి, గోరువెచ్చటి నీళ్లలో మావాటి పక్కన ముంచి చూశాను. తేడా లేదు. ఇంకో తాళంచెవి లేదు, చిన్నమ్మ గడప దాటే మనిషి కాదు. నా అద్దాలు ఎందుకు మసకబారాయో ఈ రోజుకీ చెప్పలేను.

నాయన నడిచి ఇంటికి వచ్చాడు. గూళ్లు బరువుగా, బంగారంలా వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన పురుగుల్ని పెంచాడు, అమ్మ చాలా ఏళ్లు పోట్లాడింది.

అమ్మ మాత్రం ఈ సంగతి నమ్మనే నమ్మనంది. అంతా తండ్రీకూతుళ్లు కూడబలుక్కుని అల్లిందేనంది. కానీ నాయన ఇంటికొచ్చిన వారానికే సంతకి పోయి రెండో కుంపటి కొనుక్కొచ్చింది. ఏమక్కా, వేరు కుంపటి పెట్టినావా అని చిన్నమ్మ ఆట పట్టిస్తే, "పెట్టినా. అది ఆయన పిల్లకాయలకి, ఇది నా మనిషికి," అంది.

ప్రతి మార్గళిలో నేను సెలవు పెట్టి పోయేదాన్ని. దీపాలు పెట్టే వేళకి అమ్మ నాయన కాళ్లు ముట్టుకుని చూసేది. చల్లగా తగిలితే లేచి పురుగుల గది గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, గట్టిగా చెప్పేది.

"తీసుకునింది చాలు. ఆయనది ఆయనకి ఇచ్చేయండి."

తిరిగొచ్చి దుప్పటి కప్పేది. కాసేపాగి నేనూ దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని, చూడటం నా ఉద్యోగం కాబట్టి. వెచ్చగానే ఉండేవి. మంచం కింద కుంపటి వల్లే అయ్యుంటుంది. నాయన మాత్రం కళ్లు మూసుకుని నవ్వుతుండేవాడు.