రాజలింగం సార్ లాటిన్

వానాకాలం మొదలవగానే మా ల్యాబులో ఒక వాసన వస్తుంది. పాత పేపరు మడతల మధ్య నొక్కిపెట్టిన ఆకులు సగం ఎండినప్పటి వాసన. కొంత చాయ్‌పత్తాలా, కొంత తడిసిన గోనెసంచిలా ఉంటుంది. సిరిసిల్లలో ఇంటర్ పిల్లలకు నేను బోటనీ చెప్తాను. మొన్న ఒక అమ్మాయి తన మొక్కల కట్ట విప్పి బల్ల మీద పరిచి, దీని పేరేంది సార్ అని అడిగింది. చెప్పాను. చెప్పాక కిటికీ దగ్గరికి వెళ్లి కాసేపు రోడ్డును చూశాను. రోడ్డు మీద చూడదగ్గదేమీ లేదు.

ఆ వాసనను నాకు అలవాటు చేసినవారు రాజలింగం సార్. నేను జగిత్యాలలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు ఆయన మాకు బోటనీ లెక్చరరు. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవారు. బక్కపలచటి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక భూతద్దం ఉండేవి. భూతద్దానికి ఉన్నంత పని పెన్నులకు ఉండేది కాదు. ఆయన తండ్రి కల్లు గీసేవాడు. "మా బాపు చెట్లెక్కి బతికిండు, నేను చెట్ల పేర్లు చెప్పి బతుకుతున్న. మా ఇంట్ల ఇంకా ఎవ్వడు చెట్టు దిగలే" అనేవారు.

నేను చేరడానికి కొన్నేళ్ల ముందు సార్ ఇంటిల్లిపాదితో కొండగట్టు అంజన్న గుడికి వెళ్లారట. దర్శనం లైన్లోంచి పక్కకు వచ్చి, రాళ్ల సందులో ఒక చిన్న మొక్క ముందు కూర్చున్నారు. ఇంటివాళ్లు అంజన్నను చూసి ప్రసాదం పట్టుకొచ్చేదాకా అక్కడే ఉన్నారు. జానెడు ఎత్తు, గడ్డిపోచల్లాంటి ఆకులు, మినపగింజంత నీలిపూలు. ఆయన దగ్గరున్న ఏ పుస్తకంలోనూ ఆ మొక్క లేదు. వరసగా మూడు వానాకాలాలు వెళ్లి చూశాక, దీనికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదని ఆయనకు నమ్మకం కుదిరింది. పేరు పెట్టాలంటే ఆ రోజుల్లో ఒక నియమం ఉండేది. కొత్త మొక్క ఎలా ఉందో లాటిన్‌లో రాసి అచ్చువేయించాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు. జగిత్యాల చుట్టుపక్కల లాటిన్ వచ్చినవాళ్లెందరో నేను లెక్క తీయలేదు. తీసినా పెద్దగా సమయం పట్టేది కాదు.

అందుకని సార్ యాభై దాటాక లాటిన్ మొదలుపెట్టారు. హైదరాబాదు ఫుట్‌పాత్ మీద మొదటి పేజీలు ఊడిపోయిన వ్యాకరణం ఒకటి దొరికింది. తోడుగా చదవడానికి నన్ను ఎంచుకున్నారు. నా తెలివి చూసి అనుకునేరు, చేతిరాత చూసి. "అచ్చు గుద్దినట్టు రాస్తవు. నువ్వు రాస్తే తప్పు గూడ ఒప్పు లెక్క కనవడ్తది" అన్నారు. ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి గనుక నాకూ లాటిన్ మీద ఆసక్తి పుట్టింది.

క్లాసులయ్యాక ల్యాబులో వెనక బెంచీ మీద కూర్చునేవాళ్లం. మొదటిరోజు ఆయన బోర్డు మీద మన విభక్తులు రాయించి, పక్కన లాటిన్‌వి రాశారు. "వాళ్లకు ఆరే ఉన్నయ్‌రా. మనకు ఎనిమిది. రెండు మనమే ఎక్కువున్నం, భయపడుడెందుకు?" ఆ పుస్తకంలో అభ్యాసాలన్నీ సైనికులవీ, దండయాత్రలవీ, నావికులకు గులాబీలిచ్చే రాణులవీ. సార్ వాటిని పక్కనపెట్టి సొంత వాక్యాలు ఇచ్చేవారు. మేడిపల్లి రైతు పసుపు తవ్వుతున్నాడు. రైతు కూతురు నువ్వులు ఎండబోస్తున్నది. గీత కార్మికుడు తాడిచెట్టు ఎక్కుతున్నాడు. లాటిన్‌లో చెట్ల పేర్లు మామూలుగా స్త్రీలింగమే అని చదివిన రోజు ఆయన పుస్తకం మూసి చాలాసేపు నవ్వారు. వాళ్ల నాన్న కింద నిలబడి తలెత్తి చూసే ఏది మగతాడో ఏది ఆడతాడో చెప్పేవాడట. కల్లుకు ఎంత వెతికినా మాట దొరకలేదు. చివరికి తాటిచెట్టు ద్రాక్షసారా అని రాసుకున్నాం. "రోమోళ్లకు కల్లు దొరకలే. రాజ్యం ఊకెనే పోయిందా?" అన్నారు సార్.

సెలవులకు సిరిసిల్ల వస్తే, సాంచెల చప్పుడుకు తాళం కుదుర్చుకుని విభక్తులు వల్లించేవాణ్ని. మరమగ్గాలను మా ఊళ్లో సాంచెలంటాం. మా బాపు వాటిని నడిపేవాడు. కొన్నాళ్లు విని, అదేం మంత్రమని అడిగాడు. మొక్కలకు పేర్లు పెట్టే భాష అన్నాను. "మొక్కలకు పేర్లు లెవ్వా?" అని సాంచె ఆపకుండానే అన్నాడు.

మూడో సంవత్సరం చివరికి మా వర్ణన పూర్తయింది. మొత్తం పన్నెండు లైన్లు. ఆ పువ్వు నీలం ఏ నీలమో తేల్చడానికే ఒక వానాకాలం పట్టింది. నేను శుద్ధప్రతి రాశాను. నాకు హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చినప్పుడు సార్ జగిత్యాల బస్టాండుకు వచ్చి ఒక కట్ట చేతిలో పెట్టారు. అందులో పేపర్లలో ఎండబెట్టిన మొక్కలు, వాటి మీద మా పన్నెండు లైన్లు ఉన్నాయి. "గక్కడ పెద్దసార్లుంటరు. చూపియ్యి. తప్పుంటే దిద్దుమను, బాగుంటే పంపుమను." బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి ఇంకొక మాట అన్నారు. "నా పేరు లేకున్నా ఏం కాదు. మొక్క పేర్ల కొండగట్టు ఉండాలె."

యూనివర్సిటీలో మొక్కలు తెల్లటి అట్టల మీద, అచ్చు లేబుళ్లతో ఉండేవి. మావి విత్తనాల ప్రకటనల మీద, సంతాప ఫొటోల మీద ఉన్నాయి. చేరిన రెండోవారం ప్రొఫెసరు గది ముందు కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఆయన ఎవరిదో ఉత్తరం చదువుతూ, వానలు పడితే చాలు జిల్లాల లెక్చరర్లకు కొత్త జాతులు మొలుస్తాయని నవ్వారు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. బయట కూర్చున్న నేనూ నవ్వాను. ఎవరూ చూడలేదు కాబట్టి నవ్వాల్సిన అవసరమేమీ లేదు. అయినా నవ్వాను. కట్ట తీసుకెళ్లి హాస్టల్లో మంచం కింద పెట్టెలో పెట్టాను.

సార్ నెలకోసారి ఫోను చేసేవారు. ఇచ్చాను సార్, చూస్తున్నారు అనేవాణ్ని. అలా ఏడాది చూశారు. సంక్షిప్తంగా చెప్పాలంటే, చూడనివాళ్ల తరఫున నేను చాలా ఓపికగా చూశాను. ఆ ఎండాకాలం సెలవుల్లో కోరుట్లలో ఆయన ఎదురుపడ్డారు. హోటల్లోకి తీసుకెళ్లి చాయ్ చెప్పి, ఏమన్నరని అడిగారు. చూపించలేదని చెప్పడానికి నోరు తెరిచాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"లాటిన్ బాగలేదన్నరు సార్."

"ఎక్కడ?"

"మొత్తం."

ఆయన చాయ్ సాసర్లో పోసుకుని ఊదారు. చల్లారాక కూడా ఊదారు. "సరే తియ్యి. మళ్ల మొదటి నుంచి చదువుత" అన్నారు. చదివారు కూడా. రిటైరైన మనిషి, పేజీలు ఊడిన ఆ పుస్తకాన్ని దొరికిన మొదటి పేజీ నుంచి మళ్లీ చదివారు.

ఏడాదిలోపే పోస్టులో ఇంకో కట్ట వచ్చింది. కొత్త వర్ణన, ఈసారి ఆయన దస్తూరీలో. ఈసారి చూపించాలనే అనుకున్నాను. దాన్నీ పెట్టెలోని పాత కట్టనూ పట్టుకుని ముందు లైబ్రరీకి వెళ్లాను, ఒకసారి సరిచూసుకుందామని. ఆ నెల వచ్చిన బోటనీ పత్రికలో ఆ మొక్క ఉంది. ఇంకెక్కడివో కొండలు, ఇంకెవరివో పేర్లు. మొక్క మాత్రం అదే. అచ్చయిన లాటిన్ పక్కన మా మొదటి పన్నెండు లైన్లు పెట్టి చూశాను. దాదాపు అవే మాటలు, అదే వరుస. నీలం దగ్గర వాళ్లు ఉత్త నీలం అని ఊరుకున్నారు. సార్ రాసిందే సరైన నీలం.

ఆ సాయంత్రమే సార్‌కు ఫోను చేసి, ఎవరో ముందే అచ్చువేశారని చెప్పాను. లాటిన్ సంగతి చెప్పలేదు. "అంటే మొక్క నిజమే అన్నట్టు. నా లాటినే ఆగం చేసింది" అన్నారు. ఆ గొంతులో కోపం ఉంటే నేను ఎంతో కొంత తేలికపడేవాణ్ని. మొక్క నిజమైనందుకు సంతోషమే వినిపించింది.

తర్వాత చాలాసార్లు కలిశాం. నా పెళ్లికి వచ్చారు, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు వచ్చారు. ప్రతిసారీ ఇవాళ చెప్పేస్తాననుకున్నాను. మనుషులు సంతోషంగా ఉన్నప్పుడు చెప్పడం బాగుండదనిపించేది, బాగాలేనప్పుడు అసలే బాగుండదనిపించేది. ఈ రెండూ కాని రోజు రాలేదు. రెండేళ్ల కిందట ఆయన పోయారు.

పదోరోజు కోరుట్ల వెళ్లాను. ఆయన బిడ్డ నన్ను ముందెప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే గుర్తుపట్టి, అన్నం వడ్డిస్తూ పక్కనే నిలబడింది. "మా బాపు మీ ముచ్చటే చెప్పేటోడు సార్. అందరు నా ముందట బాగున్నది బాగున్నది అన్నరు గని, నా లాటిన్ బాగలేదని మొఖం మీద చెప్పింది గా సిరిసిల్ల పిలగాడొక్కడే అనేటోడు. మీ అసొంటి శిష్యుడు దొరుకుడు అదృష్టమనేటోడు."

నేను పప్పు కలుపుకున్నాను. ఇంకొంచెం వెయ్యమంటారా అంటే వెయ్యమన్నాను. తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కాను.

ఇప్పుడు పిల్లల రికార్డులు దిద్దేటప్పుడు ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించకుండా బాగాలేదని రాయను. ఒక్కో రికార్డుకు గంట పడుతుంది. మా హెడ్డు దీన్ని శ్రద్ధ అంటాడు. నేను కాదనలేదు, నాకు అర్హత లేని మెప్పులు తీసుకోవడం అలవాటే. నా గురించి ఎవరైనా అన్న మంచిమాటల్లో ఆ పదోరోజు విన్నదే పెద్దది. దాన్ని అక్కడే తిరిగి ఇచ్చేస్తే ఆమెకు తన తండ్రి లాటిన్ దక్కి ఉండేది. ఆ రోజు అన్నం ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను, కోరుట్లలో ఆమె చదువుతుందన్న ఆశతో.

అమ్మా, మీ బాపు రాసిన లాటిన్ బాగుంది. దాన్ని ఎవరికీ చూపించనిది నేను.